రిక్తహస్తం, రాజముద్ర

పార్లమెంటులో ఒక బిల్లు ఎందుకు వచ్చిందో, దానిపై ఎవరు ఏమన్నారో రాయడం మాబోటి విలేఖరులకు నిత్యకృత్యం. గట్టెక్కిన తరువాత ఆ బిల్లు ఎవరి గడపకు ఏ రూపంలో చేరుతుందన్నది మాత్రం సాధారణంగా మా కంట పడదు. 2025 ఆగస్టు 11న జాతీయ క్రీడా పరిపాలన బిల్లును లోక్‌సభ ఆమోదించిన నాడు నేను ప్రెస్ గ్యాలరీలో ఉన్నాను. బీహారు ఓటర్ల జాబితా సవరణకు నిరసనగా ప్రతిపక్ష సభ్యులు ఎన్నికల సంఘం కార్యాలయం వైపు ప్రదర్శనగా బయలుదేరగా, పోలీసులు దారిలోనే ఆపి అదుపులోకి తీసుకొన్నారు. దేశంలోని క్రీడాసంఘాలన్నింటి తలరాతను మార్చగల బిల్లు అటువంటి దినాన నెగ్గింది. మరునాడు రాజ్యసభ కూడా సరేనన్నది. ఆగస్టు 18న రాష్ట్రపతి ఆమోదం లభించడంతో అది చట్టమైనది.

ఆ వారం నేను పంపిన వార్తలో క్రికెట్ బోర్డుదే అగ్రతాంబూలం. బోర్డు సమాచార హక్కు చట్టం కిందికి వస్తుందా, రాదా అన్నదే నాటి చర్చ. కరాటే సంగతి నాకు తట్టనైనా లేదు. తట్టించినవారు మా కింది వాటాలో ఉంటున్న గోదావరి జిల్లా ఉద్యోగి. ఒక కేంద్ర కార్యాలయంలో సెక్షన్ ఆఫీసరు. ఆయన కుమార్తె ఎనిమిదేండ్లుగా మా కాలనీ పార్కులో చలికాలపు పొగమంచును సైతం లెక్కచేయక షోటోకాన్ కరాటే నేర్చుకొని నల్లబెల్టు సంపాదించినది. ఇంటర్ ముగించి ఒక కళాశాలలో క్రీడాకారుల కోటా కింద సీటుకు దరఖాస్తు పెట్టుకొన్నది. అట్టపెట్టెలో భద్రపరచిన పద్నాలుగు సర్టిఫికెట్లను ఆ తండ్రి నా బల్లపై పరిచారు. ప్రతిదానిపైనా 'జాతీయ' అనే మాట ఉన్నది, రాజముద్రను తలపించే ముద్ర ఉన్నది, వలయంలో ఇమిడిన పులిబొమ్మ ఉన్నది. కళాశాల గుమాస్తా వాటిని తిరగేసి అడిగిన ప్రశ్న ఒక్కటే: "ఈ సంఘానికి గుర్తింపు ఉన్నదా?"

"అన్నయ్యగారూ, మీరు పార్లమెంటు రాసేవారు కదా. కొత్త చట్టం వచ్చింది గదా, మా అమ్మాయి కాయితాలు చెల్లుతాయంటారా?" అని ఆయన అడిగినప్పుడు నావద్ద సమాధానం లేదు. తరువాతి వారాలలో ఆ సమాధానం కోసం వెదకుతూ పోగా, దారి నన్ను ఢిల్లీ నుండి టోకియోకు తీసుకొని పోయినది. ఒక కరాటే సంఘం జాతీయ సంఘంగా ఎట్లా ఎదుగుతుంది, దాని ముద్రకు విలువ ఎక్కడి నుండి వస్తుంది అన్న ప్రశ్నకు జపాన్ కరాటే సంఘం చరిత్రను మించిన పాఠం నాకు కనిపించలేదు.

షోటోకాన్ పద్ధతికి మూలపురుషుడు ఫునకోషి గిచిన్. 1868లో ఒకినావా ద్వీపంలోని షురిలో పుట్టిన ఈయన వృత్తిరీత్యా బడిపంతులు. 1922లో విద్యాశాఖ ఏర్పాటు చేసిన వ్యాయామ ప్రదర్శనలో తమ ద్వీపపు విద్యను చూపడానికి టోకియో వచ్చి, నాలుగు దినాలలో తిరిగి పోవలసినవాడు శేషజీవితమంతా ప్రధాన భూభాగంలోనే ఉండిపోయాడు. అప్పటికి ఏబదిమూడేళ్లవాడు. ఒకినావా విద్యార్థుల వసతిగృహంలో తలదాచుకొని, పగలు ఆవరణ ఊడుస్తూ, తోటపని చేస్తూ, సాయంకాలం వచ్చిన నలుగురికి విద్య చెప్పేవాడు. జూడో పితామహుడు కానో జిగోరో ఆయనను ఆదరించాడు. డాన్ శ్రేణులు, నల్లబెల్టు మొదలైనవి కరాటేకు జూడో నుండి సంక్రమించినవే. 'చీనా హస్తం' అని అర్థమిచ్చే పాత లిపిని తీసివేసి, అదే ఉచ్చారణతో 'రిక్తహస్తం' అని అర్థమిచ్చే లిపిని వాడుకలోకి తెచ్చినవారిలో ఈయన ప్రముఖుడు. పులిబొమ్మ ఆయన పుస్తకం కోసం కోసుగి హోఅన్ అనే చిత్రకారుడు గీసి ఇచ్చినది. ఆ పులి ఈనాడు మన కాలనీ పార్కులకు చేరి సర్టిఫికెట్ల మీద తోక చుట్టుకొని కూర్చున్నది. ఫునకోషి కవితలు రాసుకొనే కలం పేరు 'షోటో'. పైన్ చెట్ల మీద గాలి చేసే సవ్వడి అని దాని భావం. శిష్యులు ఆయనకు కట్టించిన శాలకు ఆ పేరు పెట్టారు. శాల 1945 బాంబుదాడులలో కాలి బూడిదైనది. పేరు మిగిలినది.

యుద్ధంలో శిష్యులు చెదరిపోయారు. కుమారుడు, కుడిభుజమూ అయిన యోషితక 1945లోనే మరణించాడు. ఈ శిథిలాల మీద 1949 మే నెలలో కొందరు విశ్వవిద్యాలయ పట్టభద్రులు కూడి జపాన్ కరాటే సంఘాన్ని నెలకొల్పారు. ముసలి పంతులు గౌరవ ప్రధానాచార్యుడు. అధ్యక్ష పీఠం మాత్రం సైగో కిచినోసుకెకు దక్కినది. ఈయన ప్రసిద్ధ సమురాయ్ నాయకుడు సైగో తకమొరి మనుమడు, పార్లమెంటు ఎగువసభ సభ్యుడు, తరువాత 1968లో న్యాయశాఖ మంత్రి కూడా అయినాడు. క్రీడాసంఘాల నెత్తిన రాజకీయ నాయకులను కూర్చోబెట్టే ఆచారం మన దేశానికే సొంతమని నేను చాలాకాలం అనుకొన్నాను. పొరపాటు.

కాని తేడా ఎక్కడున్నదో చూడండి. అక్కడ గొడుగు పట్టడానికి నాయకుడిని పెట్టుకొన్నారు గాని, గొడుగు కింద పని చేసే మనిషిని వేరే వెదుక్కొన్నారు. ఆ మనిషి నకయామ మసతోషి. తకుషోకు విశ్వవిద్యాలయంలో చదివి, యుద్ధకాలం చైనాలో గడిపి, 1946లో తిరిగి వచ్చినవాడు. 1956లో ఈయన చేసిన పని నా దృష్టిలో ఈ కథకంతటికీ కీలకం. ఉపాధ్యాయులను తయారు చేసే ఒక బడిని తెరిచాడు. విశ్వవిద్యాలయ పట్టా ఉండి, కరాటేలో తగిన శ్రేణి ఉన్నవారిని తీసుకొని, విద్యతోపాటు బోధనా పద్ధతి, శరీరశాస్త్రం, సంఘ నిర్వహణ నేర్పారు. సంఘం ఎదిగినదంటే సభ్యుల సంఖ్య పెరగడమనే మనం అనుకొంటాము. నకయామ లెక్క వేరు. పాఠం చెప్పగలవారి సంఖ్యనే ఆయన సంఘానికి కొలబద్దగా తీసుకొన్నాడు.

1957 ఏప్రిల్ 10న జపాన్ విద్యాశాఖ ఈ సంఘానికి చట్టబద్ధ సంస్థగా గుర్తింపు ఇచ్చినది. పదహారు దినాల తరువాత, ఏప్రిల్ 26న, ఫునకోషి తన ఎనభై ఎనిమిదవ యేట కన్నుమూశాడు. గురువు శవం ఇంట ఉండగానే కర్మకాండ ఎవరి చేతుల మీదుగా జరగాలన్న వివాదం పుట్టినది. షోటోకాయ్ పేరుతో ఉన్న పాత శిష్యులు ఒకవైపు, సంఘం మరొకవైపు. ఆ చీలిక నేటికీ అతుకలేదు. పీఠాధిపతుల నిర్యాణానంతరం మన మఠాలలో జరిగే వ్యాజ్యాలు తెలిసినవారికి ఇందులో ఆశ్చర్యపడవలసినది లేదు.

అదే సంవత్సరం అక్టోబరులో తొలి అఖిల జపాన్ పోటీలు జరిగాయి. ఫునకోషికి పోటీలంటే గిట్టదు. ఈ విద్య ఎదుటివాడిని ఓడించడానికి కాదు, తనను తాను దిద్దుకోవడానికని ఆయన విశ్వాసం. నకయామ మాత్రం పోటీ లేని విద్య నూతన తరాన్ని నిలబెట్టుకోలేదని గ్రహించాడు. అందుకని దెబ్బను శరీరానికి అంగుళం దూరంలో ఆపివేసే నియమంతో పోటీని తీర్చిదిద్దాడు. ఆ తొలి పోటీలో విరిగిన చేతితో బరిలోకి దిగి గెలిచిన కనజవా హిరోకజు పేరు కరాటే లోకంలో కథగా నిలిచినది. గురువు వద్దన్నదానిని శిష్యుడు చేసి, చేసినదానిని గురువు పేరు మీదనే నడిపించడం మన రాజకీయాలలో కూడా ఎరగని విషయం కాదు.

ఉపాధ్యాయుల బడి ఫలితం 1960లలో తెలిసినది. నిషియామా హిదేతక, ఒకజాకి తెరుయుకి 1961లో అమెరికా వెళ్లి స్థిరపడ్డారు. 1965లో కనజవా, ఎనొఎదా, కాసే, షిరాయ్ అనే నలుగురు ప్రపంచ పర్యటనకు బయలుదేరారు. ఎనొఎదా ఇంగ్లండులో, కాసే ఫ్రాన్సులో, షిరాయ్ ఇటలీలో నిలిచిపోయారు. 1966లో గ్రేట్ బ్రిటన్ కరాటే సమాఖ్య పుట్టినది. ఎక్కడ బడి వెలిస్తే అక్కడ ఒక జాతీయ సంఘం, దానికి టోకియోతో బంధం. శ్రేణి పరీక్ష స్థానికంగా జరిగినా పట్టా టోకియో నుండి రావాలి. దానికి రుసుము ఉంటుంది. ఈ రుసుము మీదనే సామ్రాజ్యం నిలిచినదన్నా అతిశయోక్తి కాదు. కాకపోతే, ఆ రుసుము వెనుక చెమటోడ్చి శిక్షణ పొందిన ఒక మనిషి ఉండేవాడు. ముద్రకు అతడే పూచీ.

పూచీదారు పోయిన తరువాత ఏమైనదో కూడా చెప్పాలి. అంతకు పూర్వమే కనజవా విడిపోయి 1970ల చివరలో సొంత సమాఖ్యను స్థాపించుకొన్నాడు. 1987 ఏప్రిల్ 15న నకయామ మరణించాడు. మూడు నాలుగేండ్లు తిరగకుండానే సంఘం నిట్టనిలువునా చీలినది. ఒకవైపు చమురు కంపెనీ అధిపతి, అనంతర కాలంలో బ్యాంక్ ఆఫ్ జపాన్ విధాన మండలి సభ్యుడు అయిన నకహరా నొబుయుకి. మరొకవైపు మహా విద్వాంసుడని పేరున్న అసాయ్ తెత్సుహికో. ఇరువర్గాలదీ ఒకే పేరు. ప్రపంచమంతటా శిష్యులకు ఏ పట్టా అసలైనదో తెలియని దుస్థితి. వ్యాజ్యం జపాన్ సుప్రీంకోర్టు దాకా పోయి 1999 జూన్ 10న నకహరా వర్గానికి అనుకూలంగా ముగిసినది. అసాయ్ వర్గం మరొక పేరుతో మరొక సంఘం పెట్టుకొన్నది.

ఢిల్లీలో మూడు దశాబ్దాలు గడిపినవాడికి ఈ కథ చదువుతుంటే సొంత ఊరి వీధిలో నడుస్తున్నట్లే ఉంటుంది. 1969లో కాంగ్రెస్ చీలినప్పుడు కాడెద్దులు ఎవరివన్న తగాదా 1971లో మన సుప్రీంకోర్టులోనే తేలినది. 1978లో మళ్లీ చీలిక వచ్చినప్పుడు ఆవుదూడ పోయి హస్తం వచ్చినది. 2023లో శివసేన విల్లంబులు షిండే వర్గానికి పోయాయి. పార్టీలకైతే తగవు తీర్చడానికి 1968 నుండి ఎన్నికల చిహ్నాల ఉత్తర్వు ఉన్నది, నిర్వాచన సంఘం ఉన్నది. క్రీడాసంఘాలకు అటువంటిదేదీ లేక, ఏ రాష్ట్రపు సివిల్ కోర్టులో ఏ వర్గం ముందుగా స్టే తెచ్చుకొంటే ఆ వర్గమే అసలైనదిగా చలామణీ అవుతూ వచ్చినది.

మన దేశంలో కరాటే వ్యాపించిన తీరు జపాన్‌కు సరిగ్గా తలకిందులు. అక్కడ ముందు బడి, తరువాత సినిమా. ఇక్కడ ముందు సినిమా. 1973 నాటి 'ఎంటర్ ది డ్రాగన్' మా ఊరి టూరింగ్ టాకీసుకు చాలా ఏండ్లు ఆలస్యంగా వచ్చినా, నేను హైస్కూలులో ఉండగా దర్జీ దుకాణం గోడ మీద బ్రూస్‌లీ బొమ్మ చూడని పిల్లవాడు లేడు. బ్రూస్‌లీది కరాటే కాదని మాకు చెప్పినవారూ లేరు. తెలుగు తెరకు సుమన్ వచ్చేనాటికి కరాటే అనేది ఇంటింటి మాట. ఆ ఉత్సాహంలో బొంబాయి, మద్రాసు, కలకత్తాల నుండి నిజంగా విద్య నేర్చినవారు కొందరు బడులు పెట్టారు. వారి సాధనను తక్కువ చేయరాదు. కాని వారికంటె వేగంగా సంఘాలు పెరిగాయి. సంఘాల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఏడుగురు సంతకాలు పెడితే సంఘం సిద్ధం. పేరులో 'అఖిల భారత' చేర్చుకోవడానికి నైపుణ్య పరీక్ష అక్కరలేదు. కొన్ని పట్టణాలలో కరాటే సంఘాలు కరాటే విద్యార్థులతో పోటీపడే సంఖ్యలో ఉన్నాయని ఒక మిత్రుడు అన్నాడు. హాస్యానికి అన్నాడు గాని నాకు నవ్వు రాలేదు.

చివరకు అఖిల భారత స్థాయిలో నిలిచిన కరాటే అసోసియేషన్ ఆఫ్ ఇండియాలోనే వర్గపోరు ముదిరినది. భారత ఒలింపిక్ సంఘం దానిని దూరం పెట్టినది. 2020లో ప్రపంచ కరాటే సమాఖ్య కూడా గుర్తింపును ఉపసంహరించుకొన్నది. అనంతరం కరాటే ఇండియా ఆర్గనైజేషన్ అనే మరొక సంస్థ ప్రపంచ సమాఖ్య ఆమోదంతో రంగంలోకి వచ్చినది. కరాటే తొలిసారి ఒలింపిక్ వేదిక ఎక్కిన టోకియో క్రీడలు 2021లో జరిగినప్పుడు ఆ బరిలో భారతీయుడు ఒక్కడూ లేడు. అది పోయిన అవకాశమే. 2024 పారిస్ క్రీడలలో కరాటేకు చోటు దక్కలేదు, 2028 లాస్ ఏంజెలెస్ జాబితాలోనూ లేదు.

టోకియో సంగతి వచ్చినది గనుక ఒక మాట. పురుషుల అధిక బరువు విభాగం ఫైనలులో సౌదీ యోధుడు తారిఖ్ హమీదీ 4-1 ఆధిక్యంలో ఉండి, ఒక తాపుతో ఇరాన్ యోధుడు సజ్జాద్ గంజ్‌జాదెను స్పృహ తప్పించాడు. దెబ్బను అదుపులో ఉంచనందుకు అతడిని అనర్హుడిగా ప్రకటించారు. స్పృహ తప్పినవాడికి స్వర్ణం వచ్చినది. ప్రపంచం నవ్వినది. నకయామ నియమం తెలిసినవారు నవ్వలేదు. దెబ్బను ఆపడం నేర్పని గురువు చేతిలో ఈ విద్య ఎంత ప్రమాదమో ఆ ఒక్క తాపు చెప్పినది. మా కాలనీ పార్కులో పదేళ్ల పిల్లలకు నేర్పుతున్నవారు దానిని ఎక్కడ నేర్చుకొన్నారో అడిగే యంత్రాంగం ఈ దేశంలో ఉన్నదా? నాకు కనిపించలేదు.

ఇరుగుపొరుగు దేశాలు మనకంటె ఐశ్వర్యవంతమైనవి కావు. అయినా 2018 జకార్తా ఆసియా క్రీడలలో క్వెట్టాకు చెందిన హజారా యువతి నర్గిస్ కరాటేలో కాంస్యం గెలిచి, వ్యక్తిగత విభాగంలో ఆసియా క్రీడల పతకం తెచ్చిన మొదటి పాకిస్తానీ మహిళ అయినది. బాంబుల నీడలో బతికే ఒక అల్పసంఖ్యాక జాతి పిల్ల ఆమె. 2019 ఖాట్మండు దక్షిణాసియా క్రీడలలో బంగ్లాదేశ్ ఒకే దినాన కరాటేలో మూడు స్వర్ణాలు గెలుచుకొన్నది. కరాటేకు కావలసినది ఒక చదునైన నేల, ఒక గురువు. స్టేడియములు, కోట్లాది నిధులు దీనికి అక్కరలేదు. మన వెనుకబాటుకు బీదరికాన్ని సాకుగా చూపే వీలు ఇక్కడ లేదు.

ఇక ఆ పద్నాలుగు సర్టిఫికెట్ల మాట. కేంద్ర ప్రభుత్వోద్యోగాలలో క్రీడాకారుల కోటాకు అర్హమైన ఆటల జాబితాను 2020లో 43 నుండి 63కు పెంచారు. కరాటే పాత జాబితాలోనే ఉన్నది. అర్హతా పత్రాలకు నాలుగు నమూనాలున్నాయి. అంతర్జాతీయ పోటీలకు జాతీయ సమాఖ్య కార్యదర్శి, రాష్ట్రం తరఫున జాతీయ పోటీలకు రాష్ట్ర సంఘం కార్యదర్శి, అంతర్విశ్వవిద్యాలయ పోటీలకు విశ్వవిద్యాలయ అధికారి, పాఠశాల పోటీలకు విద్యాశాఖ సంచాలకుడు సంతకం చేయాలి. ఆట జాబితాలో ఉన్నది, సంతకం పెట్టవలసిన చేయి వివాదంలో ఉన్నది. ఈ సందులో పడి నలిగిపోయేవారు కార్యదర్శులు కారు. ఎనిమిదేండ్లు చలిలో అరచేతులు కాయలు కాయించుకొన్న పిల్లలు. కళాశాలలు కూడా తమ సీట్లకు ఈ కొలమానాన్నే కొద్దిపాటి మార్పులతో పట్టుకొంటున్నాయి.

కొత్త చట్టం సంఘాలను గుర్తించే అధికారాన్ని జాతీయ క్రీడా మండలికి అప్పగించినది. తగవులకు ట్రిబ్యునల్ ఏర్పరచినది. దానికి సుప్రీంకోర్టు న్యాయమూర్తి గాని, హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి గాని, ప్రస్తుతం పదవిలో ఉన్నవారో మాజీలో, అధ్యక్షులు కావాలి. దిగువ సివిల్ కోర్టులకు ప్రమేయం లేదు, అప్పీలు సుప్రీంకోర్టుకే. జపాన్‌లో దశాబ్దం పట్టిన తగవు ఇక్కడ త్వరగా తేలడానికి ఇది దారి. ఒలింపిక్ సంఘం అధ్యక్షురాలిగా పి.టి. ఉష రాజ్యసభలో ఈ బిల్లును సమర్థించారు. ట్రిబ్యునల్ వరకు నాకూ అభ్యంతరం లేదు.

నా సందేహం మరొకటి. ఒక ఆటకు ఒక సంఘం అనే సూత్రం హాకీకి చెల్లుతుంది. కరాటేలో షోటోకాన్, గోజూర్యూ, షిటోర్యూ, వాడోర్యూ అని సంప్రదాయాలు అనేకం. జపాన్ దీనిని తెలివిగా విడదీసినది. పోటీల నిర్వహణకు 1964లో ఏర్పడిన జపాన్ కరాటే సమాఖ్య వేరు, ఉపాధ్యాయులను తయారు చేసి శ్రేణులిచ్చే సంప్రదాయ సంఘాలు వేరు. మన దగ్గర బెల్టు ఇచ్చే చేయి, జట్టును ఎంపిక చేసే చేయి, కోటా కాగితం మీద సంతకం చేసే చేయి ఒక్కటే. అందుకే పీఠం కోసం అంత పోరు. మండలి ఒక వర్గానికి ముద్ర ఇచ్చి ఊరుకొంటే ఓడిన వర్గపు శిష్యులు రోడ్డున పడతారు. గుర్తింపు ఇచ్చేటప్పుడే, వివాదకాలంలో పోటీలలో నిజంగా పాల్గొన్న పిల్లల పత్రాలను పరిశీలించి చెల్లుబాటు చేసే ఏర్పాటు ఉండాలి. పిల్లలకు నేర్పేవారికి శిక్షణ, పరీక్ష, బహిరంగ జాబితా ఉండాలి. సంఘ కార్యవర్గంలో ఎందరుండాలో, వయోపరిమితి ఎంతో లెక్కపెట్టిన చట్టానికి గురువు ఎవరో లెక్క లేకపోవడం వింతగా లేదూ?

గత ఆదివారం ఉదయం పార్కు గట్టున కూర్చొని పిల్లల సాధన చూశాను. ఆ అమ్మాయి కోటా లేకుండానే, మార్కుల మీద, దూరాన ఉన్న మరొక కళాశాలలో చేరినది. మెట్రో మారి, బస్సు మారి వెళుతున్నదట. అయినా ఆదివారం మానలేదు. ముందు వరుసలో నిలబడి, ఇచి, ని, సన్, షి అని లెక్క చెబుతూ చిన్నవారికి అడుగులు సరిదిద్దుతున్నది. తండ్రి నా పక్కకు వచ్చి కూర్చొన్నారు. సంఘంవారు రెండవ డాన్ పరీక్షకు రుసుము కట్టమన్నారట, పాత సంఘం కాదు, అందులోంచి విడిపోయి వచ్చినవారు. "కట్టమంటారా అన్నయ్యగారూ?" అన్నారు.

మండలి ఎవరిని గుర్తిస్తుందో తేలేదాకా ఆగమన్నాను.

"ఆఖరు తేదీ ఎల్లుండి" అన్నారు ఆయన.